పదకొండు పటాలు, ఒక్క పియోనీ

ఆ రోజుల్లో నేను చెప్పిన మాట వినే మనిషిని. పెద్దవాళ్ళు ఇది చెయ్యి అంటే చేసేవాణ్ణి, అది ముట్టుకోకు అంటే ముట్టుకునేవాణ్ణి కాదు, ఏమీ చెప్పకపోతే ఎవరైనా ఏదైనా చెప్పేదాకా అక్కడే నిలబడి ఉండేవాణ్ణి. బుద్ధిమంతుడంటే మా వాడే అని మా అమ్మ చుట్టాలందరికీ చెప్పుకునేది. నేనూ నిజమే కాబోలనుకున్నాను. సింగపూర్ వచ్చిన రెండో ఏడు గానీ నాకు తెలిసిరాలేదు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు ఎంత ప్రమాదకరమైన ప్రాణో. మాట విననివాణ్ణి ఇంట్లోవాళ్ళు కనీసం ఓ కంట కనిపెట్టి ఉంటారు. నన్నెవరూ కనిపెట్టలేదు. దాని ఫలితంగా ఒక పెద్దాయన తన జీవితమంతా ఎదురుచూసిన పువ్వును చూడకుండా పోయాడు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా స్నేహితులు పగలబడి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ వాళ్ళు నవ్వే చోటు వేరు, నా నవ్వు ఆగిపోయే చోటు వేరు.

అప్పట్లో తువాస్‌లో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. రాత్రి షిఫ్టు. తెల్లవారుతుండగా కంపెనీ బస్సు నన్ను జురాంగ్ వెస్ట్‌లో దింపేసేది. అక్కడ ఒక కడప ఆంటీ వాళ్ళ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆంటీ, అంకుల్ వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. అంకుల్ ఓడల యార్డులో పనిచేసి రిటైరయ్యారు. ఆంటీకి మొక్కల పిచ్చి. ఇంటి ముందు కారిడార్‌లో నందివర్ధనం, మందారం, శంఖుపూలు, కనకాంబరాలు, వాటి మధ్యలో మనుషులు నడవడానికి జానెడు దారి. (ఆ దారి కూడా టౌన్ కౌన్సిల్ వాళ్ళు నోటీసు అంటించాక వచ్చింది.)

నేను రాగానే స్నానం చేసి పడుకుంటాను కాబట్టి, ఎలాగూ స్నానం చేస్తున్నావు కదా అని ఆంటీ నాకో పని అప్పగించారు. పూలు కోసి దేవుళ్ళకు పెట్టడం. వంటింటి పక్కన గూట్లో పదకొండు పటాలుండేవి. వెంకటేశ్వరస్వామి నుంచి, సెరంగూన్ రోడ్డులో సరుకులు కొన్నప్పుడు షాపువాళ్ళిచ్చిన కేలండర్ మురుగన్ దాకా. ఆ పనికి ఆంటీ పెట్టిన నియమాలు మూడు. ఒకటి, స్నానం చేయకుండా చెట్టు ముట్టకూడదు. రెండు, ఏ చెట్టుకైనా మొట్టమొదట పూసిన పువ్వు దేవుడిది. మూడు, పూలు చాలకపోతే రేకులు తుంచి అందరికీ సమంగా పంచాలి గానీ, ఏ దేవుడికీ లేదనిపించకూడదు. “మనింటికి వచ్చినోళ్ళందరికీ పెట్టి ఒకరికి పెట్టకపోతే ఎట్లుంటాది నాయనా?” అనేవారు. నాకు సబబుగానే తోచింది.

ఇక పియోనీ సంగతి. ఇది చలిదేశాల పువ్వు. ముద్ద గులాబీని నాలుగింతలు చేసి, పట్టినన్ని రేకులు కుక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ మొక్క పూయాలంటే రెండు మూడు నెలలు గడ్డకట్టే చలిలో పడుకోవాలి. సింగపూర్‌లో చలి అనేది సినిమా హాల్లో తప్ప లేదు. అయినా సరే ఆ ఊళ్ళో పియోనీ సంఘం అని ఒకటుంది, ఆంటీ అందులో మెంబరు. నీళ్ళు లేని ఊళ్ళో ఈతగాళ్ళ సంఘం లాంటిదన్నమాట. పద్నాలుగు మంది మెంబర్లు, తొమ్మిదేళ్ళ చరిత్ర, ఇప్పటిదాకా పూసిన పూలు సున్నా. ఏడాదికోసారి ఒక ఆదివారం బ్లాకు కింద ఉండే హాల్లో కలుసుకుని, ఎవరి కుండీ వాళ్ళు బల్ల మీద పెట్టి, నాకు ఈ ఏడు తొమ్మిది ఆకులొచ్చాయి, నాకు పదకొండొచ్చాయి అని చెప్పుకుని చప్పట్లు కొట్టుకునేవారు. తర్వాత భోజనాలు. ఆ తర్వాత మొక్కల వేలం, పక్క బల్ల మీద విదేశాల నుంచి తెప్పించిన పియోనీ దుంపల అమ్మకం. అందరూ మళ్ళీ కొత్త దుంపలూ కొత్త ఆశలూ కొనుక్కుని ఇళ్ళకు పోయేవారు.

ఈ సంఘాన్ని పెట్టింది ఒక చైనీస్ పెద్దాయన. ఎండైనా వానైనా నల్లగొడుగు చేతిలో ఉండేది కాబట్టి ఆయన్ని మేం గొడుగు అంకుల్ అనేవాళ్ళం. వేలం పాట కూడా ఆయనే నడిపేవారు, గొడుగు పిడితో బల్ల మీద మూడుసార్లు కొట్టి. ఏడెనిమిదేళ్ళ వయసులో చైనాలో ఏదో చలి ఊరి నుంచి వాళ్ళ నాన్నతో ఓడెక్కి వచ్చారట. వాళ్ళమ్మ పెరట్లో పియోనీ ఉండేదట. మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు, ఆ అమ్మనూ చూడలేదు. చైనీస్ న్యూ ఇయర్‌కి పూలకొట్లలో కోసిన పియోనీలు బోలెడు దొరుకుతాయి, అవి ఆయనకు అక్కర్లేదు. చెట్టున ఉన్న పువ్వును చూడాలి, అంతే. ఆ ఏడు ఆయన కళ్ళకు ఏదో జబ్బు ముదిరింది. వచ్చే మీటింగు నాటికి చూపు ఉంటుందని డాక్టర్లు గట్టిగా చెప్పలేదు. 

ఆంటీ అప్పటికే యుద్ధం ప్రకటించి ఉన్నారు. ఎవరో అమ్మేస్తుంటే పాత ఫ్రిజ్ ఒకటి కొని, అందులో అరలన్నీ తీయించి, పియోనీ కుండీని పడుకోబెట్టారు. మూడు నెలలు. తన బీరు సీసా ఒక్కటి అందులో పెట్టుకుంటానని అంకుల్ బతిమాలుకున్నారు, కుదరలేదు. తర్వాత కుండీ ఫ్రిజ్‌లోంచి లేచి ఆంటీ వాళ్ళ పడగ్గదిలోకి మారింది. పగలూ రాత్రీ ఏసీ. “ముప్ఫై ఏళ్ళు యార్డులో ఎండకు మాడినాను, నాకెప్పుడన్నా ఇంత ఏసీ వేసిందా ఈమె?” అని అంకుల్ శాలువా కప్పుకుని హాల్లో సోఫా మీద పడుకునేవారు. ఆ గదిలోకి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. (వెళ్ళమని ఎవరూ చెప్పలేదు కదా.) కాబట్టి నాకు తెలిసిన పియోనీ అల్లా ఫ్రిజ్‌లో ఉన్న కుండెడు మట్టి. దానికి మొగ్గ వచ్చిందని ఆంటీ నాతో కూడా అనలేదు, దిష్టి తగులుతుందని. మీటింగు ముందురోజు గొడుగు అంకుల్‌కి ఫోన్ చేసి మాత్రం, “రేపు తప్పకుండా రండి, ఒకటి చూపిస్తాను” అన్నారట. ఏమిటో చెప్పలేదు.

ఆ ఆదివారం తెల్లవారుజామున పెద్ద వాన కురిసింది. నేను వచ్చి స్నానం చేసి కారిడార్‌లోకి వెళ్తే మందారాలు, నందివర్ధనాలు అన్నీ నేలపాలయ్యాయి. నేలన పడ్డవి దేవుడికి పనికిరావు. ఏం చెయ్యాలా అని తల గోక్కుంటుంటే, మూలన గోడవారగా కొత్త కుండీ ఒకటి, దానికి అరచెయ్యంత లేతగులాబీరంగు పువ్వు. ఆంటీ తలస్నానం చేస్తున్నారు. కుండీకి కాస్త వెలుతురు తగలనివ్వమని ఆంటీ చెప్తే అంకుల్ దాన్ని అక్కడ పెట్టి కింద కాఫీ కొట్టుకు వెళ్ళారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు నాకు తోచింది ఒకటే. ఆంటీ కొత్త రకం గులాబీ కొన్నట్టున్నారు. చెట్టుకు అదే మొదటి పువ్వు. మొదటి పువ్వు ఎవరిదో నాకు తెలుసు.

మనం పూజకు పువ్వు కోసేటప్పుడు కాడతో కోయం కదా. తలకాయ పట్టుకుని పుటుక్కున తుంచాను. తెచ్చి వెంకటేశ్వరస్వామి పటానికి పెడితే స్వామి మొహం పూర్తిగా కప్పుకుపోయింది. అదీ కాక మిగతా పదిమంది ఖాళీగా చూస్తున్నారు. మూడో నియమం గుర్తొచ్చింది. ఎంతో భక్తిగా ఒక్కో రేకూ విడదీసి తలా తొమ్మిదీ పంచాను. మిగిలిన నాలుగూ కేలండర్ మురుగన్‌కి అదనంగా ఇచ్చాను, ఎప్పుడూ ఆయనకు చివర్లో తక్కువ పడుతుందని. అన్నిటికీ పసుపూ కుంకుమా చల్లి, అగరొత్తి వెలిగించి, ఇంత చక్కగా పూజ చేసి ఎన్నాళ్ళైందో అనుకుంటూ వెళ్ళి పడుకున్నాను.

ఆంటీ కేకకు లేచాను. తలకు చుట్టుకున్న తువ్వాలుతోనే కారిడార్‌లో నిలబడి ఉన్నారు. చేతిలో కుండీ. “ఎవరో నా పువ్వు కోసకపోయినారప్పా!” అని ఏడుపు. పువ్వు దొంగతనం జరిగిందనగానే నేనూ ఆవేశంగా బయటికి పరిగెత్తాను. (ఇక్కడే మా స్నేహితులు నవ్వడం మొదలుపెడతారు.) మెట్లన్నీ దిగి వెతికాను. మైనా పిట్టలు పీకాయేమో అని పై అంతస్తు చూసొచ్చాను. పక్కింటి మలాయ్ ఆంటీని “ఎవరైనా వచ్చారా?” అని అడిగాను. ఆవిడ నా వంక అదోలా చూసి తలుపు వేసుకున్నారు. అంకుల్ ప్లాస్టిక్ సంచీలో పోయించుకున్న కాఫీతో వచ్చి, కాడ పట్టుకు చూసి, “ఇది పిట్ట పని కాదు, చేతి పనే” అని తేల్చారు. నేను కూడా అవునవునని తలూపాను. ఆంటీ కొత్తగా ఎక్కడో గులాబీ కొని పోగొట్టుకున్నందుకు ఇంత బాధపడుతున్నారేమిటని మనసులో ఒక పక్క అనుకుంటూనే ఉన్నాను. నా చేతితో తుంచిన పువ్వుకూ, పోయిన పువ్వుకూ సంబంధం ఉందని నా బుర్రకు తట్టలేదు. నేను కోసింది దేవుడికి. పోయింది దొంగకు.

ఆంటీ ఇక మనుషుల వల్ల కాదని గూటి దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి గట్టిగా మొక్కుకున్నారు. “స్వామీ, నా పియోనీని తుంచినోడెవడో గాని వాని చేతులు పడిపోవాల!” పియోనీ అన్న మాట అప్పుడు విన్నాను నేను.  ఆంటీ కళ్ళు తెరిచారు. ఎదురుగా పదకొండు పటాల మీదా, పసుపూ కుంకుమలతో, ఆవిడ మూడు నెలల ఫ్రిజ్, నెలన్నర ఏసీ. ఆవిడ ఒక్కో పటాన్నే చూసుకుంటూ వెళ్ళి, మురుగన్ దగ్గర ఆగి, మెల్లగా నా వైపు తిరిగారు. నేను తలుపు దగ్గర నా రెండు చేతులూ వెనక్కు దాచుకుని నిలబడ్డాను.

తిడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ చప్పున మళ్ళీ గూటి వైపు తిరిగి చెంపలు వాయించుకుంటూ, “తప్పు తప్పు, వాని చేతులు సల్లగుండనీ, నేనన్నది ఎనక్కి తీసుకుంటాండా” అన్నారు. తర్వాత కింద కూర్చుండిపోయారు. “నీ తప్పేముందిలే నాయనా. చెప్పింది నేనే గదా” అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపొచ్చేసింది. అంకుల్ మాత్రం, “దేవునికి పెట్టినాక ప్రసాదమే కదా, తీసుకపోదాం” అని స్టీలు డబ్బా తెచ్చారు. ఒక్కో పటం మీద నుంచీ ఒక్కో రేకూ కళ్ళకద్దుకుని డబ్బాలో వేశాం.

హాల్లో బల్ల మీద పదమూడు కుండీల ఆకులు, మధ్యలో తలలేని కాడతో ఆంటీ కుండీ. గొడుగు అంకుల్ అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. ఆంటీ లేచి, నిన్న పూసిందని, పొద్దున తానే ఎండలో పెట్టి రాల్చేసుకున్నానని, తప్పంతా తనదేనని చెప్పారు. నా ఊసు ఎత్తలేదు. నేను వెనక పులిహోర గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నేనే అని చెప్పడానికి నోరు తెరిచానని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. తెరవలేదు.

డబ్బా మూత తీయగానే సంఘం మొత్తం మూగింది. వాళ్ళలో భూతద్దం ఆంటీ అని ఒకావిడ ఉండేది. మొక్కల జబ్బుల్లో ఆవిడ మాటకు తిరుగులేదు. రేకుల మీద పసుపును భూతద్దంతో చూసి, “అయ్యయ్యో, ఇది బూజు జబ్బు లా! చాలా ముదిరింది!” అన్నారు. (మాట చివర ‘లా’ తగిలించడం ఆ ఊరి అలవాటు.) కుంకుమ చూసి, అది రెండో దశ అన్నారు. అందరూ తమ తమ కుండీలను రెండడుగులు అవతలికి జరుపుకున్నారు. ఆంటీ నా వంక చూశారు. నేను పులిహోర వంక చూశాను.

గొడుగు అంకుల్ మాత్రం డబ్బాను తన ముందుకు లాక్కుని, ఒక కాగితం పళ్ళెంలో రేకుల్ని ఒక్కోటీ పేర్చడం మొదలుపెట్టారు. పెద్దవి బయట, చిన్నవి లోపల. కళ్ళు దగ్గరగా పెట్టినా కనిపించడంలేదని తెలుస్తూనే ఉంది, వేళ్ళతో తడిమి పేరుస్తున్నారు. కాసేపటికి పళ్ళెంలో పువ్వు లాంటిదొకటి తయారైంది. చుట్టూ ఉన్నవాళ్ళు అది అక్కడ కాదు ఇక్కడ అని పోట్లాడుకుంటున్నారు. తొమ్మిదేళ్ళలో పువ్వు పూయించినవాళ్ళెవరూ లేరు గానీ సలహాలు మాత్రం అందరి దగ్గరా ఉన్నాయి. ఆయన వంగి వాసన చూశారు. మళ్ళీ చూశారు. తలెత్తి, ఆంటీ వైపు కాదు, సరిగ్గా నా వైపు తిరిగారు. (నా దగ్గర ఇంకా అగరొత్తి వాసన వస్తూ ఉండాలి.) నన్ను దగ్గరికి పిలిచి, ఎవరికీ వినపడకుండా తన పొడిపొడి ఇంగ్లీషులో అడిగారు.

“దేవుడికి పెట్టావా, ఆ?”

“నో, అంకుల్” అన్నాను.

ఎందుకన్నానో ఎన్నిసార్లు ఆలోచించుకున్నానో. ఆంటీ నా కోసం అబద్ధం చెప్పారు, నేను నిజం చెప్తే ఆవిడ అబద్ధం బయటపడుతుందని ఒక సాకు. అదేం కాదు, భయం. ఆయన, “మా అమ్మ కూడా మొదటి పువ్వు గుడికి తీసుకెళ్ళేది. నేను ఏడ్చేవాణ్ణి లా” అని నవ్వి, పళ్ళేన్ని మెల్లగా అవతలికి జరిపారు. ఆయన అడిగింది తప్పు పట్టుకోవడానికి కాదని అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అవునన్న మాట ఒక్కటి వింటే ఆయనకు వాళ్ళమ్మ పెరడు ఒక్క క్షణం దొరికేది. నేను ఇవ్వలేదు.

వేలం మొదలైంది. సంఘానికి ఒక నియమం ఉంది, పెట్టినప్పుడే గొడుగు అంకుల్ రాసింది. పువ్వు పూసిన మొక్క మళ్ళీ అదే ఇంటికి వెళ్ళకూడదు, వేలంలో ఇంకొకరి ఇంటికి పోవాలి. తొమ్మిదేళ్ళుగా ఎవరికీ అవసరం పడని నియమం. రేకులున్నాయి కాబట్టి పూసినట్టే లెక్క అని తీర్మానించారు. పాట మొదలవగానే, అంత జబ్బున్న మొక్క మీద పరిశోధన చేస్తానని భూతద్దం ఆంటీ చెయ్యెత్తారు. చేతులు కట్టుకుని కూర్చో, ఏదీ ముట్టుకోవద్దు అని ఆంటీ నాకు బయల్దేరేటప్పుడే చెప్పారు. జీవితంలో మొదటిసారి పెద్దల మాట కాదని చెయ్యెత్తాను. భూతద్దం ఆంటీ ఎత్తితే నేనూ ఎత్తాను. ఆవిడ దించేదాకా దించలేదు. ఆ నెల నేను ఎన్ని పూటలు నూడుల్స్ తిన్నానో ఇక్కడ అప్రస్తుతం.

నేను గెలవగానే గొడవ లేచింది. ఇద్దరిదీ ఒకే అడ్రసు కదా, అదే ఇంటికి వెళ్తుంది కదా అని. గొడుగు అంకుల్ ఆలోచించి, “గది వేరు, తాళం వేరు, ఇల్లు వేరే” అని తీర్పిచ్చి గొడుగు పిడితో మూడుసార్లు కొట్టారు. కుండీ నా చేతిలో పెడుతూ, “ఫ్రిజ్ మర్చిపోకు. పూస్తే నాకు ఫోన్ చెయ్యి. కనపడకపోయినా వస్తా” అన్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు లిఫ్టులో ఆంటీ నా వైపు తిరిగారు. “ఆయనకు తెలిసిపోయింది నాయనా. చెప్పింటే సంతోషపడుతుండె” అన్నారు. కోపంగా అనలేదు.

ఆయన మర్చిపోలేదు. ప్రతి ఏడూ మీటింగు ముందు ఫోన్ చేసేవారు. “పూసిందా?” “నో, అంకుల్.” అదే మాట, అదే గొంతుతో. ఆ మాట వెనకే ఇంకో మాట చెప్పేద్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి, ఈలోపు ఆయన సరే లా, ఫ్రిజ్ జాగ్రత్త అని పెట్టేసేవారు. నాలుగో ఏడు ఫోన్ రాలేదు. ఆ మీటింగులో మొదటి వరస కుర్చీలో గొడుగు మాత్రమే ఉంది. వేలం భూతద్దం ఆంటీ నడిపారు, అదే పిడితో కొట్టి. 

ఇప్పుడు నాకు సొంత ఫ్లాటు, పెళ్ళి, తొమ్మిదేళ్ళ కూతురు, రెండు ఫ్రిజ్‌లు. రెండో ఫ్రిజ్ ఎందుకని అడిగి అడిగి మా ఆవిడ మానేసింది. కడప ఆంటీ ఇప్పటికీ జురాంగ్ వెస్ట్‌లోనే ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా, “పూస్తే మాత్రం నువ్వు దాని దగ్గరికి పోవాకు నాయనా” అంటారు. పోనక్కర్లేకుండానే ఉంది, నా చేతికి వచ్చాక అది ఒక్క మొగ్గ వేయలేదు. ఆకులు మాత్రం కిందటి ఏడు పదిహేడు, సంఘంలో నాదే రికార్డు. ఏడాదికోసారి కుండీని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసేటప్పుడు నాకో అలవాటు. ఎవరూ లేరని చూసుకుని మెల్లగా, “అవునంకుల్, దేవుడికే పెట్టాను” అంటాను. మొన్న మా అమ్మాయి వెనకే నిలబడి ఉంది, నేను చూసుకోలేదు.

“నాన్నా, ఎవరితో టాకింగ్? ఫ్రిజ్‌కి వినపడదు లా” అంది.

“తెలుసమ్మా” అన్నాను. “వినపడేటప్పుడు చెప్పలేదు.”